నడిమి పట్టె

ఆ సీరియల్ కథ ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను కథ చూస్తే కదా చెప్పడానికి! ఆ ఆదివారం పొద్దున మా కాశిబుగ్గ గల్లీలో నలభై మంది ఒక్క గదిలో ఇరుక్కుని కూర్చుని, ఆకాశంలో వేరే లోకానికి పోయిన మనుషుల కథ చూశారు. పిల్లలు జడుసుకున్నారు, ముసలమ్మలు దండాలు పెట్టారు, ఇదేం సోది అని ఒకాయన లేచిపోబోయాడు. నేను మాత్రం అరగంట సేపు టీవీలో ఒక గోడను చూశాను. మా ఇంటి బతుకు ఆ గోడకు వేలాడుతోంది మరి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. లేకపోతే ఒక గోడను చూసి అంత భయం ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

మాది నేల మీద పరిచే జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం మాది కాదు, గల్లీలోని నేతగాళ్ళ సంఘానిది. నూలు సంఘమే ఇస్తుంది, నేసిన సరుకు సంఘానికే ఇవ్వాలి. ప్రతి మగ్గానికీ ఒక కార్డు, ఆ కార్డు మీద నేసే మగవాడి పేరు. "మగ్గం మీద కూసున్నోళ్లదే మగ్గం" అనేది మా వాళ్ళ మాట. మనిషికి చేతగాక మగ్గం దిగితే, వరసలో ఉన్న తర్వాతి ఇంటికి మగ్గం పోతుంది. ఆడవాళ్ళు నూలు తోడాలి, కండెలు చుట్టాలి, అంతవరకే. కాగితం మీద రాసుకున్న రూలు కాదది, అయినా దాన్ని దాటిన ఇల్లు నాకు తెలిసి లేదు.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో మా బాపుకు కుడిచెయ్యి పడిపోయింది. పొద్దున లేచి చెంబు పట్టుకోబోతే జారి కిందపడింది. మళ్ళీ వంగి పట్టుకోబోయాడు, మళ్ళీ జారింది. దవాఖానలో సూదులు ఇచ్చారు, ఇంట్లో తైలాలు రాశాం, చెయ్యి రాలేదు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా వారం రోజులు అలాగే ఉండిపోయింది. ఎనిమిదో రోజున అమ్మ పొయ్యి మీద అన్నం దించి, చేతులు కడుక్కుని పోయి మగ్గం మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళు ఆ మగ్గం పక్కన కండెలు చుట్టిన మనిషికి నేత తెలియకపోవడం ఏముంది?

చిక్కల్లా ఆమెది ఎడమచేతివాటం కావడం. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరి పెళ్ళిలోనో పంక్తిలో ఎడమ చేత్తో అన్నం వడ్డించిందట, అంతమందిలో నానా మాటలు అన్నారట. అప్పటి నుంచి గల్లీలో ఆమెకు పేరే లేకుండా పోయింది. "ఎడమచేతామె" అంటే మా అమ్మ అని అందరికీ తెలుసు.

బాపు మగ్గం బల్ల మీద ఆమె పక్కనే కూర్చునేవాడు. పడిపోయిన చేతిని తువ్వాల కింద దాచుకుని, మంచి చేతిని నూలు మీద పెట్టేవాడు. వాకిట్లోంచి తొంగిచూసినవాళ్ళకు ఆయన నేస్తున్నట్టూ ఆమె కండెలు అందిస్తున్నట్టూ కనపడాలి. "మూడు నల్ల, ఒకటి తెల్ల, ఇగ మెట్టెక్కు" అని రంగుల లెక్క ఆయన చెబుతుంటే ఆమె నేసేది. నేను గడపలో కూర్చుని ఎవరైనా వస్తుంటే గట్టిగా దగ్గేదాన్ని. ఇంటర్ పాసై, హిందీ పరీక్షలు కూడా రాసిన నా చదువుకు దొరికిన నౌకరీ అదే, దగ్గడం!

ఇలా నెలలు గడిచాయి. ఆ ఏడు సంఘం కొత్తగా పెద్ద మెట్ల నమూనా ఇచ్చింది, మూడు ఇళ్ళకే ఇచ్చింది, అందులో మాదొకటి. తెల్ల నేల మీద నల్ల మెట్లు, అడ్డంగా ఐదు పట్టెలు, ప్రతి పట్టెలోనూ మెట్లు కుడివైపుకు ఎక్కాలి. ఒకరోజు బాపును నేను దవాఖానకు తీసుకుపోయాను. లెక్క చెప్పేవాళ్ళు పక్కన లేరు. అమ్మ ఒక్కతే కూర్చుని నడిమి పట్టె మొత్తం నేసింది. సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి ఆ పట్టెలో మెట్లు ఎడమవైపుకు ఎక్కి ఉన్నాయి. ఆమె చెయ్యి తన దారిన తాను పోయింది.

విప్పాలంటే మూడు రోజులు పని. మూట కట్టే గడువు దగ్గరపడింది. మిగతా రెండు పట్టెలు ఎలాగో ముగించి, నడిమి పట్టె మడతలోకి పోయేటట్టు మడిచి, నేనే సంఘానికి మోసుకుపోయి ఇచ్చాను. సంఘం గుమస్తా అంచులు చూశాడు, పొడుగు కొలిచాడు, మూటలో వేశాడు. సరుకు బొంబాయి పోయింది. ఆ తర్వాత కాజీపేట దిక్కు నుంచి రైలు కూత వినబడితే చాలు, ఆ జంపఖానా వాపసు వచ్చిందేమోనని అమ్మకు గుండె దడ. వాపసు వస్తే "ఇదెవరు నేసిండ్రు?" అంటారు, బాపును పిలుస్తారు, మగ్గం మీద కూర్చోమంటారు. ఆర్నెల్లు చూశాం, రాలేదు. ఇక రాదులే అని నేను నిమ్మళపడ్డాను.

వచ్చింది. టీవీలో వచ్చింది.

మా గల్లీలో టీవీ సంఘం పెద్దాయన ఇంట్లోనే ఉండేది. మేమంతా ఆయన్ను పెద్దనాయిన అనేవాళ్ళం. తక్కువ మాట్లాడే మనిషి, ముట్టుకుని నూలు నంబరు చెప్పేవాడు. ఆదివారం పొద్దున ఆ ఇంట్లో చెప్పులు గుమ్మం దాటి మోరీ కాలువ దాకా ఉండేవి. సీరియల్ హిందీలో కాబట్టి, టీవీ పక్కన కూర్చుని తెలుగులో చెప్పే పని నాది. నిజం చెప్పొద్దూ, నాకు అదంటే గొప్పగా ఉండేది. నలభై మంది నా నోటి దిక్కు చూసేవారు. ఆ రోజు అమ్మ కూడా వచ్చి ఆడవాళ్ళలో గోడకు ఆనుకుని కూర్చుంది. బాపు అలవాటుగా ఇంట్లోనే ఉన్నాడు.

కథలో నలుగురు మనుషులు రాకెట్ లాంటి ఓడలో వేరే లోకానికి పోయారు. అక్కడ ఒక పెద్ద దర్బారు, మధ్యలో మెరిసే అంగీ తొడుక్కున్న ముసలాయన. ఆయన నుదుటి మీద ఒక దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. పెద్దనాయిన తల్లి రెండు చేతులూ జోడించి, "దేవుడు లెక్కున్నడు బిడ్డా" అంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. చాయ్ హోటల్ ఆయన, "గీ సోది ఎవలు సూత్తరు, పాటలచ్చేది పెట్టుండ్రి" అని లేచాడు, అడ్డం తప్పుకొమ్మని పదిమంది కసిరితే కూర్చున్నాడు.

అప్పుడు ఆ ముసలాయన వెనక గోడ కనబడింది.

"అరె! గది మన జంపఖాన!"

అరిచింది మూలింటి మామ. మెట్ల నమూనా ఇచ్చిన మూడు ఇళ్ళలో ఆయనదీ ఒకటి. గల్లీలో ఆయన నోటికి ఎదురు లేదు. గదంతా ఒక్కసారి ఎగిరి కూర్చుంది. ఔను, మనదే! ఐదు పట్టెలు, నల్ల మెట్లు! గోడ నిండా వేలాడదీశారు. మన కాశిబుగ్గ జంపఖానా ఆకాశం దాటి పోయిందిరా అని చప్పట్లు, ఈలలు, నవ్వులు. పెద్దనాయిన మొహంలో కూడా నవ్వు చూశాను.

"నాదే అది. నా చెయ్యి నేను గుర్తువట్టనా?" అన్నాడు మూలింటి మామ మీసం మీద చెయ్యేసి. "అంచు సూడుండ్రి, సూత్రం పెట్టి గీసినట్టున్నది. గట్ల నేసెటోడు ఈ గల్లీల ఇంకెవడున్నడు?"

నేను అమ్మ వంక చూశాను. ఆమె టీవీ చూడటం లేదు, మామను చూస్తోంది. ఎడమచెయ్యి కొంగు కింద ఉంది. అప్పుడు నేను మళ్ళీ తెర వంక తిరిగి చూశాను, నడిమి పట్టె కనబడింది. మెట్లు ఎడమకు ఎక్కుతున్నాయి. అది మాదే.

ఇంకెవరూ చూడలేదు. బొమ్మ మారి ఓడ వచ్చింది, నేను ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ దర్బారు వచ్చింది. నేతగాళ్ళ గది అది, తల్లీ! మామూలు మనుషులైతే ముసలాయన నుదుటి దీపం చూసేవాళ్ళు. వీళ్ళు ఒక్కరూ దీపాన్ని చూడటం లేదే! మగాళ్ళంతా మెడలు చాపి గోడను చూస్తున్నారు. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. పోవాలని నేను ఎన్ని మొక్కులు మొక్కానో లెక్కలేదు.

వాళ్ళ చూపు మళ్ళించాలి. నాకు చేతనైంది ఒక్కటే, నోరు. "సూడుండ్రి సూడుండ్రి!" అని అరిచాను. "ఓడ పేలిపోతదట! అందరు సచ్చిపోతరని ముసలాయన శాపం పెడ్తాండు!"

ఆడవాళ్ళు అయ్యో అన్నారు. పెద్దనాయిన తల్లి, "దేవుడనుకుంటి, పాడుగాను" అని దండం పెట్టిన చేతులు దింపేసింది. ఒక్క క్షణం అందరి కళ్ళూ గోడను వదిలి ముసలాయన మీదికి వచ్చాయి.

"ఏం శాపం? గట్లేం అనలేదు గద."

పెద్దనాయిన అల్లుడు. కాజీపేటలో రైల్వే నౌకరీ, హిందీ నాకన్నా బాగా వచ్చు. మామూలుగా ఆదివారాలు డ్యూటీ మీద ఉండే మనిషి, ఆ రోజే దొరికాడు మాకు. "మా లోకంల రోగం లేదు, సావు లేదు, గీడనే ఉండుమని బతిమాలుతాండు. నువ్వేందమ్మా, ఉల్టా చెప్తానవ్?"

"నాకు గట్లనే ఇనవడ్డది" అన్నాను. నలభై మందీ ఆ తెలుగు చెప్పే పిల్లకు ఏమైందా అని నన్ను చూశారు. పెద్దనాయిన మాత్రం నన్ను చూడలేదు. కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి పోయి, గోడ మళ్ళీ వచ్చేదాకా నిలబడ్డాడు. గోడ వచ్చింది. ఆయన వేలు అద్దం మీద సరిగ్గా నడిమి పట్టె దగ్గర ఆగింది.

"జర సూడుండ్రి" అన్నాడు. "నడిమి పట్టె తిరుగవడ్డది."

టీవీలో ఎవరో ఏదో అంటున్నారు, ఎవరికీ పట్టలేదు.

మూలింటి మామ మీసం మీది చెయ్యి తీశాడు. "ఐతే నాది కాదు. నా చెయ్యి ఎన్నడు తప్పుతది? ఎవడో చేతగానోడు నేసిండు, సంఘం పరువు తీసిండు. దేశమంత సూస్తాంది థూ..." మూడో ఇంటాయన కూడా నాది కాదంటే నాది కాదన్నాడు. ఇద్దరూ కాదంటే మిగిలింది ఒక్క ఇల్లే. అందరి చూపులూ నా మీదికి వచ్చాయి.

"ఉల్టా తగిలేసిండ్రేమో" అన్నాను నేను. జంపఖానా రెండు వైపులా ఒకటే కదా, తిప్పి వేస్తే మెట్లు ఎడమకు కనబడతాయి. ఆ మాట అంటుండగానే నాకే తెలిసింది, మొత్తం తిప్పితే ఐదు పట్టెలూ తిరగాలి, ఒక్కటి తిరగదని. నేతగాళ్ళ ముందు అంత తెలివితక్కువ మాట అన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పెద్దనాయిన నెమ్మదిగా అన్నాడు: "తప్పు సంగతి పక్కకు పెట్టుండ్రి. నేత దెబ్బ జూడు, అంచు జూడు. మంచి చెయ్యి. గీ ఒక్క పట్టెల లెక్క తప్పలేదు, మెట్టు తప్పలేదు, దిక్కు మారింది అంతె. ఇది మరిచిపోయి చేసిన తప్పు కాదు." వేలు అద్దం మీంచి తీసి, "ఇది ఎడమ చేతి నేత" అన్నాడు.

ఇక చెప్పాల్సిన పనేముంది? మగవాళ్ళ తలలు ఒక్కొక్కటే ఆడవాళ్ళ వైపు తిరిగాయి. నేను అమ్మను చూస్తూ తల అడ్డంగా ఊపాను. కాదను, నీకు తెలియదను, ఊకో. మగ్గం పోతే మేమేం తినాలి? బాపు ఎక్కడ కూర్చోవాలి?

అమ్మ లేచి నిలబడింది. కొంగు కింది చెయ్యి బయటికి తీసింది.

"నేనే నేసిన" అంది. "ఐదు పట్టెలు నేనే నేసిన. మీసం దువ్వుకున్నోళ్ళు ఎవలు నెయ్యలేదు."

మామ తల దించుకున్నాడు. పెద్దనాయిన టీవీ ముందు నుంచి పక్కకు జరిగి, "మగ్గం మీద పడుగెంతున్నది చెల్లె?" అని అడిగాడు.

"రెండు జంపఖానలకున్నది."

"ఐతే గవి కానియ్యి. అయినంక సూద్దాం."

ఎందుకన్నాడో అందరికీ తెలుసు. నిలువు నూలు, అదే పడుగు, ఎక్కిన మగ్గాన్ని మా వాళ్ళు కదపరు. సగం నేతను కోయడం మా దగ్గర చావుతో సమానం. రెండు జంపఖానాలు అయ్యేదాకా గడువు ఇచ్చాడు, అంతే. ఆ తర్వాత మగ్గం పోతుంది. సీరియల్ ఎలా అయిపోయిందో, ఆ నలుగురు మనుషులూ అక్కడే ఉండిపోయారో తిరిగి వచ్చారో నాకు ఈరోజు దాకా తెలియదు.

ఇంటికి పోతూ దారిలోనే అమ్మ మీద పడ్డాను. "నోరు మూసుకుంటే పోయేది గద! ఏమొచ్చింది నీకు?"

"సాలు బిడ్డా. ఎన్ని దినాలు మూసుకోవాలె? వాడు నాదంటాండు, నేను నా కండ్ల ముందు సూసుకుంట కూసోవాల్నా?"

బాపుకు నేనే చెప్పాను. వినంగానే కొడతాడేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన తువ్వాల తీసి పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. మర్నాటి నుంచి మగ్గం బల్ల మీద కూర్చోలేదు. బయట అరుగు మీద, మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

అమ్మ తలుపులు బార్లా తెరిచి నేసింది. ఇక నేను దగ్గాల్సిన పనిలేదు. గల్లీ ఆడవాళ్ళు వచ్చి గడపలో నిలబడి చూసేవారు. కొందరు బుగ్గలు నొక్కుకునేవారు, ఇద్దరు ముగ్గురు మాత్రం లోపలికి వచ్చి దగ్గర నుంచి చేతి తిప్పుడు చూసేవారు. నేను చెవిలో పోరాను, "జర మెల్లగ నెయ్యే. ఎంత ఆలస్యమైతే అంత మంచిది" అని. ఆమె వినలేదు. "మెల్లగ నేస్తే దెబ్బ వదులైతది" అంది. పడుగు రోజురోజుకూ తరుగుతుంటే నాకు అన్నం సహించేది కాదు. లెక్క చెప్పడానికి ఎవరూ లేరు. ప్రతి మెట్టు దగ్గరా ఆమె పెదవులు కదిలేవి. అరుగు మీద, మాకు వీపు పెట్టి ఉన్న బాపు పెదవులు కూడా కదిలేవి. నేను చూశాను, అమ్మకు చెప్పలేదు.

రెండో జంపఖానా ముగిసిన రోజు పొద్దున పెద్దనాయిన, గుమస్తా, మరో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మూలింటి మామ కూడా వెనకాలే వచ్చాడు. మగ్గం విప్పడానికే వచ్చారని నేను గుంజలు పెకలించే పలుగు కోసం వాళ్ళ చేతులు చూశాను. పెద్దనాయిన జంపఖానాను వాకిట్లో పరిపించాడు. మోకాళ్ళ మీద వంగి మొదటి పట్టె చూశాడు, రెండోది చూశాడు, నడిమి పట్టె దగ్గర చాలాసేపు ఆగాడు. మెట్లన్నీ కుడికే ఎక్కాయి. తిరగేసి మళ్ళీ చూశాడు.

"మగ్గం ఎప్పుడు విప్పుదాం?" అన్నాడు మామ.

"ఎందుకు విప్పుడు?" అన్నాడు పెద్దనాయిన, చేతులు దులుపుకుంటూ. "కూసున్నోళ్లదే మగ్గమని మనమే అంటిమి. ఆమె కూసున్నది గద." గుమస్తా వైపు తిరిగి, "కొత్త కార్డు రాయి" అన్నాడు.

గుమస్తా పెన్ను మూత తీశాడు. పేరు అన్నాడు. వాకిట్లో నిలబడ్డ వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళు ఒకే గల్లీలో ఉన్నారు, ఒక్కరికీ ఆమె పేరు తెలియదు. అమ్మే చెప్పింది. మొదటిసారి ఎవరికీ వినబడలేదు, మళ్ళీ గట్టిగా చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా.

అందరూ వెళ్ళిపోయాక అమ్మ కొత్త పడుగు ఎక్కించే పనిలో పడింది. బాపు అరుగు మీద నుంచి నన్ను పిలిచాడు. ఎడమచెయ్యి చాపి కార్డు అడిగాడు. ఆయనకు చదువు రాదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నా చేతికి ఇచ్చాడు.

"సదువు" అన్నాడు. "నా పేరు ఏడున్నది?"

కార్డు మీద పైన అచ్చులో సంఘం పేరు ఉంది, కింద గుమస్తా చేత్తో రాసిన అమ్మ పేరు ఉంది. ఇంకేమీ లేదు. లోపల మగ్గం దగ్గర చప్పుడు ఆగింది.

నేను అచ్చు అక్షరాల మీద వేలు పెట్టాను. "ఇగో బాపు, ఇది నీది. కిందిది అమ్మది."

ఆయన ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమాడు. "నాదే ముందుగల్ల ఉన్నదా?"

"అవ్ బాపు. నీదే ముందుగల్ల."

లోపల మళ్ళీ చప్పుడు మొదలైంది.